నలుగురి చేతులు పడ్డ బేస్‌మ్యాన్

“నోటు మొదట బాగానే వస్తాది బాబూ. అర సెకను అయ్యేసరికి కూకుండిపోతాది.”

బాబాయ్ చెప్పిన రోగం ఇంతే. ఇంకొకరైతే “సౌండు సరిగ్గా రావట్లేదు” అని ఊరుకునేవారు. ఈయన బరంపురంలో దసరా పందిళ్ల దగ్గరా, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలోనూ మెలోడీ పార్టీల్లో ముప్ఫై ఏళ్లు బేస్ గిటార్ వాయించిన మనిషి. రోగం ఎక్కడుందో తెలియకపోయినా ఎలా ఉందో కచ్చితంగా చెప్పగలడు. ఆయన అన్న మాటను అన్నట్టే జాబ్ కార్డు మీద రాసుకున్నాను. ఆ ‘అర సెకను’ తర్వాత నాకు చాలా పని తప్పించింది.

ఆటోలోంచి దింపింది ఫెండర్ బేస్‌మ్యాన్ హెడ్, అంటే స్పీకర్ లేని ఒట్టి యాంప్లిఫయర్ పెట్టె. వెండి రంగు ముఖం, దాని మీద నీలం అక్షరాలు. 1980ల మధ్యలో కలకత్తాలో హోటల్ బ్యాండు వాయించే ఒకతను అమ్ముతుంటే రైల్లో వేసుకొచ్చాడట. ఫెండర్ వాళ్లు 1951లో ఎలక్ట్రిక్ బేస్ గిటార్ తెచ్చారు, దానికి జోడీగా మరుసటి ఏడాది బేస్‌మ్యాన్ అనే యాంప్ తెచ్చారు. ఇది అంత పాతది కాదు. వాల్యూం కంట్రోల్ వెనక 1377012 అని కొట్టి ఉంది. మొదటి 137 సీటీఎస్ కంపెనీ గుర్తు, తర్వాత 70 అంటే ఏడాది, 12 అంటే వారం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద 606-0-16. 606 ట్రాన్స్‌ఫార్మర్లు చేసే షూమాకర్ వాళ్లది. అక్కడ ఏడాదికి ఒక్క అంకే వేస్తారు కాబట్టి ఆ సున్నా 1960దా 1970దా అన్నది పక్కనున్న కంట్రోల్‌ను చూసే తేల్చుకోవాలి. 1970 సరుకు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దానిదే అని తేలగానే సగం ఊపిరి పీల్చుకున్నాను. అది పోతే ఇక్కడ దొరకదు.

ఇలాంటిది బల్ల మీదకి వస్తే నేను మొదటి రోజు కరెంటు ఇవ్వను. ఛాసిస్, అంటే పార్టులన్నీ బిగించిన రేకు చట్రం, విప్పి, ఫోటోలు తీసి, కూర్చుని చూస్తాను. ఫ్యాక్టరీ సోల్డర్ ఎలా ఉంటుందో, తర్వాత పడ్డ సోల్డర్ ఎలా ఉంటుందో కంటికి తెలుస్తుంది. ఏ జాయింటు ఎవరి చేతిది, ఎవరు ముందు, ఎవరు వెనక అని చూసుకుంటూ పోతే ఇందులో నాలుగు రకాల చేతులు కనిపించాయి. ఫెండర్ ఫ్యాక్టరీ డ్రాయింగు పక్కన పెట్టుకుని, డ్రాయింగులో ఉన్నది పచ్చ స్కెచ్‌పెన్‌తో, లేనిది ఎర్ర స్కెచ్‌పెన్‌తో కాగితం మీద గీశాను. రెండో రోజు సాయంత్రానికి కాగితం మీద ఎరుపే ఎక్కువ.

ఇలాంటి యాంప్‌లో ట్రాన్సిస్టర్లకు బదులు వాల్వులు, అంటే గాజు బుడ్లు, ఉంటాయి. వాటికిచ్చే పెద్ద వోల్టేజి, అంటే హెచ్.టి., ఎప్పుడూ నాలుగు వందల యాభై వోల్టుల చుట్టూ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో అది కూర్చునే ఉంటుంది. 10 కిలో ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌కు రెండు క్లిప్పులు కట్టి వాటిని ఖాళీ చేసి, మీటరు పెట్టి చూసుకుని, అప్పుడు చెయ్యి పెడతాను. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసి ‘టప్’ మనిపించే అలవాటు మా నాన్న కాలం నుంచీ చూస్తున్నాను. అది కండెన్సర్‌కూ మంచిది కాదు, గుండెకూ మంచిది కాదు.

మొదటి చెయ్యి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టినవాడిది. ఈ యాంప్ అమెరికాలో 117 వోల్టులకు చేసింది. బరంపురం వచ్చిన కొత్తలో ఎవరో స్టెప్‌డౌన్ పెట్టకుండా నేరుగా గోడ ప్లగ్గులో పెట్టేశారు. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మోటార్లు, స్టెబిలైజర్లు చుట్టే ఒకాయన దాన్ని 220కి తిరగచుట్టాడు. చుట్ట మీద గోధుమ రంగు కాగితం, దాని మీద పెన్సిల్‌తో ఒడియా అంకెల్లో 220. నిజం చెప్పాలంటే చుట్టు బాగుంది. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెడితే అది నిక్షేపంగా ఉంది. గంట సేపు లోడు మీద నడిపినా చెయ్యి పెట్టి ఉంచగలిగినంత వేడే. ఆయన చేసిన తప్పులు రెండు. రెండూ చేతకాక చేసినవి కావు, తెలియక చేసినవి.

ఒకటి, 220. మా షాపులో వారం రోజులు మీటరు పెట్టి రాసుకుంటే పగలు 226 దాకా దిగుతోంది, రాత్రి పదిన్నర దాటాక 244కి ఎక్కుతోంది. 220కి చుట్టిన దానికి 244 ఇస్తే వాల్వులను లోపల వేడెక్కించే ఫిలమెంటుకు 6.3 రావలసిన చోట 7 వోల్టులు వస్తుంది. పది శాతం అటూ ఇటూ తట్టుకుంటాయి కానీ అంతకు మించితే ఎలక్ట్రాన్లు వదిలే కేథోడ్ ఆయుష్షు కరిగిపోతుంది. కచేరీలన్నీ రాత్రిళ్లే కదా, వాల్వులు తమ బతుకులో ఎక్కువ భాగం గడిపింది ఆ 7 వోల్టుల మీదే. హెచ్.టి. కూడా అదే లెక్కన లోడు మీద 478, స్టాండ్‌బైలో, అంటే లోడు లేనప్పుడు, 510.

రెండోది పెద్ద తప్పు. ఫెండర్ హెచ్.టి. చుట్టలో మధ్యలోంచి ఒక ఎర్ర-నీలం వైరు బయటికి వస్తుంది. అవుట్‌పుట్ వాల్వుల్లో కరెంటును అదుపు చేసే గ్రిడ్లకు మైనస్ వోల్టేజి, అంటే బయాస్, తయారయ్యేది దాన్నుంచే. చుట్టినాయన రేడియో ట్రాన్స్‌ఫార్మర్లు చూసినవాడు. వాటిలో అలాంటి వైరు ఉండదు. పనికిరానిదనుకుని వదిలేశాడు. ఫిలమెంటు చుట్టలో మధ్య ట్యాప్ కూడా అలాగే పోయింది. తర్వాత జరిగిన కథంతా ఆ ఒక్క ఎర్ర-నీలం వైరు లేకపోవడంలోంచి పుట్టింది.

బయాస్ లేని 6ఎల్6లు, అంటే ఈ యాంప్ అవుట్‌పుట్ వాల్వులు, ఏమవుతాయి? ప్లేట్లు ఎర్రగా కాగుతాయి. ఒక వాల్వు చచ్చిపోయి ఉండాలి, ఒక సాకెట్టు కాలి ఉండాలి. ఎందుకంటే రెండో చెయ్యి వేసినాయన ఒక సాకెట్టు మార్చాడు, చచ్చిన 6ఎల్6జీసీ బదులు ఒక ఈఎల్34 పెట్టాడు. మైకుసెట్ల యాంప్లిఫయర్లలో అప్పట్లో అదే దొరికేది. పిన్నులు చాలావరకు కలుస్తాయి కాబట్టి పని చేస్తున్నట్టే ఉంటుంది. కానీ ఈఎల్34లో ఒకటో పిన్ను లోపలి సప్రెసర్ గ్రిడ్‌కు వెళుతుంది, దాన్ని కేథోడ్‌కు కట్టాలి. 6ఎల్6జీసీలో ఒకటో పిన్నుకు లోపల పనేమీ లేదు కాబట్టి ఫెండర్ వాళ్లు ఆ లగ్గును ఊరికే కొయ్యలా వాడుకుని గ్రిడ్‌కు వెళ్లే 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను దానికి కట్టారు. ఫలితం, ఈఎల్34 సప్రెసర్ మీద సంగీతం! పైగా ఫిలమెంటుకు 6ఎల్6 తాగేది 0.9 ఆంపియర్, ఇది తాగేది 1.5.

బయాస్ లేదు కాబట్టి ఈయన రేడియో పద్ధతిలో రెండు కేథోడ్లనూ కలిపి 470 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా భూమికి దింపాడు. దాని పక్కన 1000 మైక్రోఫారడ్ కండెన్సర్. బేస్ కదా, పెద్దది పెడదాం అనుకున్నట్టున్నాడు.

ఇక్కడ ఆగి బాబాయ్ మాట గుర్తు చేసుకున్నాను. 470 ఓమ్‌లను 1000 మైక్రోఫారడ్‌తో గుణిస్తే 0.47 సెకను. వాల్వు కూడా ఆ కండెన్సర్‌ను నింపుతుంది కాబట్టి నిజానికి కొంచెం తక్కువే పడుతుంది. అయినా ఆయన చెవి కొలిచిన అర సెకను ఇదే. జరిగేది ఏమిటంటే, నోటు కొట్టకముందు కేథోడ్ మీద 31 వోల్టులు. గట్టిగా, సాగదీసి నోటు కొడితే వాల్వుల సగటు కరెంటు పెరుగుతుంది, కేథోడ్ వోల్టేజి మెల్లగా ఎక్కుతుంది. ఆస్సిలోస్కోపు పక్కనే మీటరు పెట్టి చూస్తే 31 నుంచి 44కి పోయింది. అంటే నోటు మధ్యలోనే వాల్వులు తమను తామే ఆపుకుంటున్నాయి. స్కోపులో తరంగం నడుమ, సున్నా గీత దాటే చోట, మెట్టు పడుతోంది. మొదట బలంగా వచ్చిన నోటు పలచబడి, గరగరగా మారి, కూర్చుండిపోతుంది. చిన్న రేడియోలో ఈ పద్ధతితో బాధ లేదు. వాటి అవుట్‌పుట్ వాల్వులో కరెంటు పాట ఉన్నా లేకున్నా దాదాపు ఒకేలా ఉంటుంది. రెండు వాల్వులు ఒకటి తోస్తే ఒకటి లాగే 45 వాట్ల పుష్-పుల్ బేస్ యాంప్‌లో అలా ఉండదు.

దీనికి తోడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రెండు సగాల మీద వోల్టేజి ఎంత పడుతోందో కొలిచి లెక్క కడితే 6ఎల్6లో 24 మిల్లీ ఆంపియర్లు, ఈఎల్34లో 42. పుష్-పుల్‌లో రెండు వైపుల డీసీ ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. ఇంత తేడా ఉంటే మిగిలిన డీసీ ఇనుమును ఒక వైపుకు అయస్కాంతంలా లాగి ఉంచుతుంది. ముందుగా దెబ్బ తినేది కింది స్వరాలే. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది.

ఇక మూడో చెయ్యి.

బోర్డు చివర ఒక 820 ఓమ్‌ల రెసిస్టర్ కాలు కత్తిరించి, పైకి వంచి ఉంది. స్పీకర్ జాక్ నుంచి, రెండు అవుట్‌పుట్ వాల్వులకూ సిగ్నల్‌ను ఎదురెదురుగా పంచే ఫేజ్ ఇన్వర్టర్‌కు వెనక్కి వెళ్లే ఫీడ్‌బ్యాక్ దారి అది. వంచిన కాలు మీద ఎర్రటి చుక్క. గోళ్లరంగు. మా నాన్న షాపులో, బడా బజారులో, చూసేసిన జాయింటు మీద అమ్మ గోళ్లరంగు సీసాతో ఒక చుక్క పెట్టే అలవాటు ఉండేది. ఇంకో షాపులో ఆ అలవాటు నేను చూడలేదు. 1993 ప్రాంతంలో, నేను చెయ్యి తిప్పడం నేర్చుకుంటున్న రోజుల్లో, కేబినెట్ లేకుండా ఒట్టి ఛాసిస్ ఒకటి వచ్చింది. ఆన్ చేస్తే కుక్క ఏడ్చినట్టు ఒకటే కూత. నాన్న ఊళ్లో లేడు. నేను వెతికి వెతికి ఈ రెసిస్టర్ కత్తిరించాను. కూత ఆగింది, సౌండు కూడా పెరిగింది. తెచ్చినవాడు సంతోషంగా యాభై రూపాయలు ఇచ్చి వెళ్లాడు. నేను చేసిన మొదటి ‘పెద్ద యాంప్’ అని చాలాకాలం చెప్పుకుని తిరిగాను కూడా.

కూత ఎందుకు వచ్చిందో ఇప్పుడు అదే ఛాసిస్ ముందు కూర్చుంటే రెండు నిమిషాల్లో తెలిసింది. రెండో చెయ్యి సాకెట్టు మార్చినప్పుడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నీలం వైరు, గోధుమ రంగు వైరు తారుమారుగా కట్టాడు. దాంతో వెనక్కి వెళ్లే సిగ్నల్ తగ్గించాల్సింది పోయి పెంచుతోంది. కూత ఆపడానికి ఆ రెండు వైర్లూ మార్చాలి. నేను దారినే కోసేశాను. ఫీడ్‌బ్యాక్ లేకపోతే స్పీకర్ కోన్‌కు పగ్గం ఉండదు. యాంప్ ఆపమన్నా అది ఊగుతూనే ఉంటుంది. బేస్ అంతా పీపాలో మాట్లాడినట్టు గుమగుమలాడుతుంది. ముప్ఫై ఏళ్లు బాబాయ్ నా తప్పును తన వేళ్లతో సర్దుకుంటూ వాయించాడన్నమాట. ఆయనకు చెప్పాను. “అది నువ్వేనేటిరా” అని నవ్వి ఊరుకున్నాడు. నాకే నవ్వు రాలేదు.

నాలుగో చెయ్యి గురించి త్వరగా చెప్పేస్తాను, అందులో ఆలోచన తక్కువ. యాంప్ కొన్నేళ్లు గోపాలపూర్ దగ్గర తమ్ముడి ఇంట్లో ఉంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను అక్కడే తీరం దాటింది. పైకప్పు రేకులు లేచిపోయి తడిసింది. ఆరబెట్టి ఒక టీవీ మెకానిక్‌కు ఇచ్చారు. ఆయన ఫిల్టర్ కండెన్సర్లు మార్చాడు. అసలు ఫెండర్ పద్ధతిలో మొదటి చోట రెండు కండెన్సర్లు సీరీస్‌లో ఉంటాయి, వోల్టేజి సమంగా పంచుకోవడానికి ఒక్కోదాని పక్కన 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఈయన వాటి బదులు పాత టీవీ పవర్ సప్లైలోది 450 వోల్టులది ఒక్కటి పెట్టాడు. స్టాండ్‌బైలో అక్కడ 510 అని పైన చెప్పాను కదా. దాని నెత్తి ఉబ్బి ఉంది. ఫ్యూజు చుట్టూ సిగరెట్ పెట్టె రేకు. స్పీకర్ జాక్ కూడా మార్చాడు. ఫెండర్ వాళ్లది స్పీకర్ పీకేస్తే తనంతట తానే షార్టయ్యే రకం, లోడు లేకుండా ట్రాన్స్‌ఫార్మర్ పేలకుండా అది కాపలా. ఈయన పెట్టింది మామూలు జాక్. బోర్డంతా జిగురుగా సోల్డర్ పేస్టు, తుడవనే లేదు. ఈ పేస్టు సంగతి మళ్లీ వస్తుంది.

ఏ చెయ్యీ ముట్టనిది ఒకటుంది. ముట్టి ఉంటే బాగుండేది. మెయిన్స్ వైరులో ఒక తీగ నుంచి ఛాసిస్‌కు 0.047 మైక్రోఫారడ్ కండెన్సర్. రెండు పిన్నుల ప్లగ్గుల రోజుల్లో హమ్ తగ్గడానికి పెట్టేవారు. 230 వోల్టులు, 50 సైకిళ్ల దగ్గర దాంట్లోంచి సుమారు 3.4 మిల్లీ ఆంపియర్లు ఛాసిస్‌లోకి కారుతుంది. ఒక మిల్లీ ఆంపియర్ దగ్గరే మనిషికి తెలుస్తుంది. గిటార్ తీగల మీద చెయ్యి ఉంచి మైకుకు పెదవులు తగిలిస్తే జివ్వుమనేదని బాబాయ్ చెప్పింది దీని గురించే. ఆ కండెన్సర్ షార్టయిన రోజున జివ్వుమనడంతో పోదు. విదేశాల్లో దీన్ని ‘చావు కండెన్సర్’ అనే పిలుస్తారు. మొట్టమొదట పీకింది అదే. మూడు పిన్నుల వైరు వేసి, ఎర్త్ తీగను ఛాసిస్‌కు విడిగా బోల్టు పెట్టి బిగించాను. 117 వోల్టుల లెక్కన ఉన్న 2 ఆంపియర్ ఫ్యూజు బదులు నిదానంగా పోయే 1 ఆంపియర్ ఫ్యూజు.

పనిలో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఒకటి మార్చు, కొలువు, రాసుకో, తర్వాతిది. అన్నీ పీకి అన్నీ కొత్తవి వేసెయ్యడం తేలిక. కానీ అలా చేస్తే నేను ఐదో చెయ్యి అవుతాను.

ముందు ట్రాన్స్‌ఫార్మర్. తిరిగి చుట్టించమని ఇద్దరు స్నేహితులు సలహా ఇచ్చారు. బాగున్న చుట్టను ఎందుకు విప్పాలి? 12 వోల్టులు, 2 ఆంపియర్ల మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చి, దాని సెకండరీని మెయిన్స్‌కు ఎదురు దిశలో సీరీస్ చేశాను. వచ్చే కరెంటులోంచి అది పన్నెండు వోల్టులు తినేస్తుంది. రాత్రి 244 ఉంటే యాంప్‌కు 231 వెళుతుంది, ఫిలమెంటుకు 6.6. పగలు 226 ఉంటే 214, ఫిలమెంటుకు 6.1. రెండూ హద్దులోనే. 24 తినేలా కట్టవచ్చు కానీ పగటి పూట వాల్వులు చల్లబడతాయి. దిశ తప్పితే తగ్గాల్సింది పెరుగుతుంది కాబట్టి మొదట యాంప్ తగిలించకుండా మీటరుతో చూసుకున్నాను. ఫిలమెంటుకు పోయిన మధ్య ట్యాప్ బదులు రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లు. హమ్ అక్కడే సగం పోయింది.

తర్వాత ఫిల్టర్లు. 350 వోల్టుల 100 మైక్రోఫారడ్‌లు రెండు సీరీస్‌లో, పక్కన 220 కిలోలు. మిగతా చోట్ల 500 వోల్టుల 22 మైక్రోఫారడ్‌లు. 100 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి, వోల్టేజి పెంచి తగ్గించే డిమ్మర్‌స్టాట్‌తో మెల్లగా ఎక్కించాను. బల్బు ఒకసారి వెలిగి మసకబారింది. అదే కావలసింది. వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టున్నట్టు.

అవుట్‌పుట్ వాల్వులు పెట్టకముందే సాకెట్ ఐదో పిన్ను దగ్గర కొలిచాను. అప్పటికి అక్కడ సున్నా ఉండాలి. ఒక వైపు సున్నా, ఇంకో వైపు ప్లస్ 2.6 వోల్టులు. గ్రిడ్‌కు సిగ్నల్ మాత్రమే పంపి డీసీని ఆపాల్సిన కప్లింగ్ కండెన్సర్ లీకు. ఇది చూడకుండా కొత్త వాల్వులు పెడితే వాటిలో ఒకటి మిగతాదానికంటే ఎప్పుడూ ఎక్కువ కాగుతుంది, మనం వాల్వును తిడతాం. 0.1 మైక్రోఫారడ్‌వి రెండూ మార్చాను.

బయాస్. ఎర్ర-నీలం వైరు లేదు, మరి మైనస్ ఎక్కణ్ణుంచి తేవాలి? 12-0-12 చిన్న ట్రాన్స్‌ఫార్మర్, 500 మిల్లీ ఆంపియర్లది, కరెంటు సామాన్ల కొట్టులో ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని తలకిందులుగా వాడాను. 24 వోల్టుల వైపు ఫిలమెంటు 6.6 ఇస్తే 230 వైపు నుంచి 56 వోల్టుల ఏసీ వచ్చింది. డయోడ్, కండెన్సర్ తర్వాత మైనస్ 78. వెండి ముఖం ఫెండర్లలో వెనక ఒక కంట్రోల్ ఉంటుంది. అది బయాస్‌ను పెంచదు, తగ్గించదు. రెండు వాల్వుల మధ్య పంపకం మాత్రం మారుస్తుంది. జోడీ వాల్వులు దొరుకుతున్న రోజుల్లో దాని అవసరం లేదు కాబట్టి అదే కంట్రోల్‌ను మొత్తం బయాస్ మార్చేలా తిప్పి కట్టాను. కేథోడ్లలో ఒక్కోదాని కింద 1 ఓమ్ రెసిస్టర్. దాని మీద ఎన్ని మిల్లీ వోల్టులుంటే వాల్వులో అన్ని మిల్లీ ఆంపియర్లు. కొత్త జోడీ 6ఎల్6జీసీలు వేసి, ప్లేట్ల మీద 455 ఉండగా గ్రిడ్ మైనస్ 51 దగ్గర 36 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. లెక్క కడితే వాల్వుకు 16.4 వాట్లు. వాటి హద్దు 30. ఇంకా వేడిగా నడపవచ్చు, గిటార్ వాళ్లు అలాగే అడుగుతారు. బేస్‌కు ఆ అవసరం నాకు కనిపించలేదు. ఏప్రిల్ ఎండల్లో పందిరి కింద నడిచే యాంప్‌కు అసలే వద్దు.

చివరగా నీలం, గోధుమ రంగు వైర్లు మార్చి, నేను కోసిన 820 ఓమ్‌ల కాలును అతికాను. కూత లేదు. స్పీకర్ బదులు పెట్టే 4 ఓమ్‌ల డమ్మీ లోడు మీద, ఫోన్‌లోంచి 100 హెర్ట్జ్ ఇచ్చి చూస్తే తరంగం నెత్తి చదునయ్యే ముందు 13.4 వోల్టులు. అంటే 45 వాట్లు. వచ్చినప్పుడు ఇదే కొలతకు 18 వాట్లు. బాబాయ్ మొదట వాయించి “సౌండు తగ్గిపోనాదేటి?” అన్నాడు. ఫీడ్‌బ్యాక్ వస్తే గెయిన్ తగ్గుతుంది, కంట్రోల్ ఇంకొంచెం తిప్పాలి. తిప్పాక లావు తీగ మీటి వదిలి, నోటు చచ్చేదాకా తల వంచుకుని విన్నాడు. ఇంకేమీ అనలేదు. మళ్లీ మీటాడు.

ఆయన స్పీకర్ పెట్టె ఇక్కడి వడ్రంగి చేసింది, అందులో 15 అంగుళాలది, 8 ఓమ్‌లది ఒక్కటే. ఈ యాంప్ కోరేది 4. అలాంటిదే ఇంకొకటి కొని పేరలల్‌గా కట్టమన్నాను.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. జూన్‌లో ఇచ్చాను, జూలైలో మొదటి ముసురు పట్టగానే తిరిగొచ్చింది. నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. ఎండ కాస్తే ఉండదు, వాన పడితే ఉంటుంది. ప్లేట్ రెసిస్టర్లు అనుకుని పాత కార్బన్‌వి రెండు మార్చాను. వాటిలో ఒకటి 100 కిలోలు ఉండాల్సింది 131 ఉంది, మార్చడం మంచిదే. చిటపట పోలేదు. వాల్వులు మార్చి మార్చి పెట్టాను, పోలేదు. రెండు రోజులు వృథా.

మూడో రోజు మీటరు ప్రోబు చెయ్యి జారి ఒట్టి బోర్డు మీద పడింది. మీటరు 14 వోల్టులు చూపించింది. వైరు కాదు, లగ్గు కాదు, నల్లటి అట్ట! ఫెండర్ ఆ కాలంలో వాడింది మైనం పట్టించిన ఫైబర్ అట్ట. ఏళ్లు గడిచే కొద్దీ అది తేమ పీలుస్తుంది. గోపాలపూర్ ఉప్పుగాలి, తుఫాను నీళ్లు, పైన తుడవని సోల్డర్ పేస్టు, అన్నీ కలిసి ఇన్సులేటర్ కాస్తా పెద్ద రెసిస్టర్ అయిపోయింది. హెచ్.టి. లగ్గు నుంచి పక్కనున్న గ్రిడ్ లగ్గు దాకా అట్టలోంచే వోల్టేజి పాకుతోంది. గ్రిడ్ పక్కన 4 వోల్టులు. మొదటి వాల్వు దగ్గర అంత చాలు. ఎన్ని పార్టులు మార్చినా ఈ రోగం పోదు, ఎందుకంటే రోగం ఏ పార్టులోనూ లేదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్షు. మెడికల్ షాపులో గాయాలకు అమ్మే స్పిరిట్ వాడకండి, నీళ్లు కలిసి ఉంటాయి. పేస్టంతా కరిగే దాకా నాలుగు సార్లు కడిగి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, 60 వాట్ల బల్బు పెట్టిన అట్టపెట్టెలో రెండు రోజులు ఉంచాను. 14 కాస్తా 0.3కి దిగింది. మొదటి వాల్వు గ్రిడ్ దగ్గర ఒక్క చోట మాత్రం 1.1 దగ్గర మొండికేసింది. ఆ జాయింటును బోర్డు మీంచి లేపి, సాకెట్ దగ్గరే గాల్లో కట్టేశాను. బోర్డు మొత్తం మార్చవచ్చు. కానీ 1970 నాటి ఫ్యాక్టరీ వైరింగు అందులో ఇంకా మూడు వంతులు చెక్కుచెదరకుండా ఉంది, నాకు చెయ్యి రాలేదు. తర్వాత ముసురులో ఒక రాత్రంతా ఆన్ చేసి ఉంచి పడుకున్నాను. నిశ్శబ్దం.

పార్టులకు నాకు పడ్డది పద్నాలుగు వేలు, అందులో సగం పైన ఆ రెండు వాల్వులకే. పని గంటలకు బిల్లు వేశాను కానీ 820 ఓమ్‌ల దగ్గర పెట్టిన టైము అందులో వేయలేదు. నార్మల్ ఛానల్ వాల్యూం తిప్పితే ఇంకా కొంచెం గరగరమంటుంది. ఆ ఛానల్ తాను ఎప్పుడూ వాడనని, పాత కంట్రోల్ పీకొద్దని బాబాయ్ అన్నాడు. అలాగే ఉంచాను.

పీకిన పార్టులన్నీ ఒక కవర్లో పెట్టి కేబినెట్ అడుగున టేపు వేశాను, ఆ 0.047 తప్ప. దాన్ని నలగ్గొట్టి పారేశాను. ఛాసిస్ లోపల ఒక కాగితం అతికించాను. ఏది మార్చాను, ఎందుకు మార్చాను, ఏ పిన్ను మీద ఎన్ని వోల్టులు, బయాస్ కంట్రోల్ ఎటు తిప్పితే ఏమవుతుంది, 1993లో ఎవడు ఏం చేశాడు. బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని అంతా చదివాడు.

“ఒడియాలో కూడా రాయి బాబూ. రేపు ఎవడి చేతిలో పడతాదో.”

రాశాను. ట్రాన్స్‌ఫార్మర్ మీద పెన్సిల్‌తో ఉన్న ఆ 220 కింద కూడా, అవే ఒడియా అంకెల్లో, 231 దాటనివ్వొద్దని.